కొత్తగా కొన్న పాత కెమెరాకి ఏ మెమరీ కార్డు? షష్టిపూర్తికి 3 వారాలే ఉంది

వేళచ్చేరి వాసు | శుక్రవారం, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. ఆఫీసులో ఒకతను కెనడా వెళ్ళిపోతూ అమ్మేస్తుంటే సోనీ ఏ6400 తీసుకున్నాను. కిట్ లెన్సు, 2 బ్యాటరీలు, బ్యాగు అన్నీ ఇచ్చాడు, కార్డు మాత్రం పీకేసుకున్నాడు. పోన్లే, కార్డేగా అనుకుని ఆన్‌లైన్‌లో చూస్తే బుర్ర తిరిగిపోయింది. ఒకే కంపెనీ, ఒకే 128 జీబీ, నాలుగు రకాల ధరలు. ఒకదాని మీద 100, ఇంకోదాని మీద 200, మరోదాని మీద 300. యూ అక్షరంలో 3, పక్కన వి30, దాని పక్కన రోమన్ ఒకటి, ఒకదాని మీద ఏ2 కూడా ఉంది. లారీ వెనక రాతల్లా ఉన్నాయి.

నాకు పని రెండే. వచ్చే నెల నెల్లూరులో నాన్నగారి షష్టిపూర్తి, ఫొటోలు, కొంచెం 4కె వీడియో నేనే తీద్దామని. అది అయ్యాక సీజను ఉండగానే పులికాట్ వెళ్ళి పక్షులు. ఒకేసారి 256 కొనేసి కెమెరాలో పడేస్తే గొడవ ఉండదు కదా? లేదంటే పాత ఫోనులోంచి తీసిన 32 జీబీ మైక్రో ఎస్‌డీ ఇంట్లో ఉంది, అడాప్టరులో పెట్టి నడిపించెయ్యనా? బడ్జెట్ 3 వేల లోపు అనుకోండి.

గిండీ గిరి | 10:52

పాత ఫోనుది మాత్రం వద్దు బాబూ. ఎన్నేళ్ళు వాట్సాప్ గుడ్ మార్నింగులు మోసిందో ఏమో, దానికి రిటైర్‌మెంటు ఇచ్చెయ్.

పిక్సెల్ పంతులు | 11:25

వాసు గారూ, కార్డు మీద పెద్దగా వేసే ఆ 100, 200, 300 వైపు అసలు చూడకండి. అది సాధారణంగా చదివే వేగం, అంటే కార్డులోంచి కంప్యూటరుకి లాగేటప్పుడు, అదీ అన్నీ కలిసొస్తే. కెమెరాకి కావాల్సింది రాసే వేగం, అది కూడా ఒక్క క్షణం ఎగిరిపడేది కాదు, వీడియో నడుస్తున్నంతసేపూ అంతకంటే కిందకి జారకూడదు. ఆ హామీ చిన్న గుర్తుల్లో ఉంటుంది. సి అక్షరం లోపల 10 ఉంటే సెకనుకి కనీసం 10 ఎంబీ. యూ లోపల 1 ఉంటే 10, 3 ఉంటే 30. వి30 అంటే 30, వి60 అంటే 60, వి90 అంటే 90. యూ3, వి30 చెప్పేది ఒకటే మాట, అందుకే పక్కపక్కనే వేస్తారు.

మీ కెమెరాలో 4కె వీడియో ఎక్కువలో ఎక్కువ 100 ఎంబీపీఎస్. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు, అవి మెగాబిట్లు, మెగాబైట్లు కాదు. ఎనిమిదితో భాగించండి, సెకనుకి 12.5 ఎంబీ. వి30 చాలు, ఇంకా మిగులుతుంది. ఆ 100 సెట్టింగుకి యూ3 గుర్తున్న కార్డే పెట్టమని సోనీ వాళ్ళే చెప్తారు, ఉత్త సి10 కార్డయితే 60 దగ్గర ఆగాలి.

రోమన్ ఒకటి అంటే యూహెచ్‌ఎస్-1, ఆ దారిలో గరిష్ఠంగా 104 ఎంబీ నడుస్తుంది. రోమన్ రెండు ఉన్న కార్డులకి వెనక రెండో వరస పిన్నులు ఉంటాయి, అవి 312 దాకా వెళ్తాయి. 300 అని రాసి రెట్టింపు ధర పెట్టినవి అవే. మీ ఏ6400లో ఉన్న స్లాటు మొదటి రకం. రెండో రకం కార్డు పెట్టినా పనిచేస్తుంది, కాకపోతే అద్దె ఇంటికి మార్బుల్ వేయించినట్టు. మరి 104 దాటని దారిలో 200 ఎలా వచ్చింది అంటే అది ఆయా కంపెనీల సొంత కిటుకు, వాళ్ళ రీడరులో పెడితే వస్తుంది, కెమెరాకి ఆ భాష రాదు. ఏ1, ఏ2 ఫోనులో యాప్‌లు కార్డు మీద నడపడానికి, మీకు అక్కర్లేదు.

ఒక్కటి మాత్రం చూడండి. రెండు కార్డులూ వి30యే కావచ్చు, ఒకటి 40తో రాస్తుంది, ఒకటి 80తో రాస్తుంది. వీడియోకి తేడా తెలియదు. పక్షులకి తెలుస్తుంది. సెకనుకి 11 ఫొటోలు రా ఫార్మాట్‌లో కొడితే 40 పైచిలుకు దగ్గర బఫర్, అంటే కార్డులోకి దిగేలోపు ఫొటోలు ఆగే కెమెరా లోపలి జాగా, నిండిపోతుంది, ఒక్కోటి 25 ఎంబీ వేసుకున్నా వెయ్యి ఎంబీ పైనే కార్డులోకి దిగాలి. 80 కార్డు పావు నిమిషంలో దింపేస్తుంది, 40 కార్డుకి అర నిమిషం. ఈలోగా కొంగ ఆగుతుందా? రాసే వేగం అట్ట వెనక సన్న అక్షరాల్లో ఉంటుంది, భూతద్దం పెట్టుకుని అయినా చదవండి.

సూళ్లూరుపేట సుధ | శనివారం, ఉదయం 7:05

పంతులు గారూ, 2 జీబీ లోపు పాత కార్డుల్ని ఎస్‌డీఎస్‌సీ అంటారని మొన్ననే తెలిసింది. మా ఊళ్ళో ఎస్‌డీఎస్‌సీ అంటే సతీష్ ధవన్ స్పేస్ సెంటర్, కార్డు అంటే గేటు దగ్గర చూపించేది. మా తమ్ముడు షాపులో "ఇది ఎస్‌డీఎస్‌సీయా" అని ఎవరో అడిగితే రాకెట్టు టైము చెప్పాడట.

వాసు గారూ, పులికాట్ వస్తే మూర్ మార్కెట్ నుంచి సూళ్లూరుపేట లోకల్ ఎక్కండి, తెల్లారే బండికి. శ్రీహరికోట రోడ్డులో అటకానితిప్ప దాకా రెండు పక్కలా రాజహంసలే. నేలపట్టు కూడా చూడండి, గూడబాతులు చెట్ల మీద పిల్లలతో ఉంటాయి.

పిక్సెల్ పంతులు | 7:40

హహ. 2 దాటి 32 జీబీ దాకా ఎస్‌డీహెచ్‌సీ, అది దాటితే 2 టీబీ దాకా ఎస్‌డీఎక్స్‌సీ. ఏ6400కి అన్నీ ఎక్కుతాయి. అటకల మీద నిద్రపోతున్న చాలా పాత డిజిటల్ కెమెరాలకి మాత్రం 2 దాటితే అజీర్తి, అలాంటిది బయటికి తీసేవాళ్ళు పెద్ద కార్డు కొనకండి.

కోడంబాకం కెమెరా | 8:30

తమ్ముడూ, 12 ఏళ్ళుగా పెళ్ళిళ్ళు తీస్తున్నా, ఒక మాట చెప్తా విను. 256 ఒక్కటి వద్దు. 64లు రెండు, లేదా 128లు రెండు. షష్టిపూర్తిలో మీ నాన్న మీ అమ్మకి రెండోసారి తాళి కడతాడు, కార్డు పోయిందని మూడోసారి కట్టమంటే కడతాడా? ఇక్కడ మా వాళ్ళు అరువదాం కల్యాణం అంటారు, తిరుక్కడయూర్ గుడిలో ఒక్క పొద్దున్న పదుల జంటలు చేసుకుంటాయి, అక్కడ నేను చూశా, ఒక కుర్రాడు పూజంతా ఒకే కార్డులో తీసి, భోజనాల దగ్గర "కార్డ్ ఎర్రర్" చూసి తెల్లబోయాడు. ఆ ఇంటివాళ్ళ ముఖం వాడు చూడలేకపోయాడు, నేనూ చూడలేకపోయా.

నేను వాడేది సోనీ ఏ7 3, రెండు స్లాట్లు, రెండిట్లోకీ ఒకేసారి రాయిస్తా. అందులో ఒక్కటే రోమన్ రెండు రకం, ఇంకోటి ఒకటో రకం, కాబట్టి రెండిట్లోకీ రాసేటప్పుడు వేగం చిన్నదాని వెంటే నడుస్తుంది, ఎడ్లబండికి రెండు ఎద్దులు కట్టినట్టు. నీ కెమెరాకి స్లాటు ఒక్కటే. కాబట్టి నీ చేతిలో ఉన్నది ఒకటే ఉపాయం, తాళి అయ్యాక కార్డు మార్చెయ్. నిండినా నిండకపోయినా మార్చెయ్. ఒకటి పోయినా సగమన్నా మిగులుతుంది.

లెక్క కావాలంటే, ఆ 100 సెట్టింగులో 64 జీబీకి గంటా ఇరవై నిమిషాల వీడియో పడుతుంది. ఉత్త ఫొటోలయితే రాలో రెండు వేల పైనే. ఇంటి ఫంక్షనుకి ధారాళం.

సిరుసేరి శీను | 9:15

అన్నా, మీతో సగమే ఒప్పుకుంటా. చిన్న కార్డులు పోయే దారి ఇంకోటి ఉంది, మనమే పారేసుకోవడం. మా అక్క పెళ్ళిలో నేను 16 జీబీవి నాలుగు పెట్టుకుని తిరిగా, పంచె కట్టుకుని. పంచెకి జేబు ఉండదు కదా. ఒకటి తాంబూలం సంచిలో వేశా, ఆ సంచి ఎవరో చుట్టం పట్టుకుపోయారు. కొబ్బరికాయతో పాటు. ఇప్పటికీ ఆ సంచి ఎవరింటికి వెళ్ళిందో తెలీదు. దానికంటే ఒక్కటి పెట్టి తలుపు మూసేస్తే నయం అని నా అభిప్రాయం. పైగా ఏ6400లో కార్డు బ్యాటరీ తలుపు లోపల ఉంటుంది, హడావిడిలో అది తెరవడం, కార్డు లైటు ఇంకా వెలుగుతుండగానే లాగడం, ఫైలు సగంలో విరగడం, ఇవన్నీ మార్చేవాడికే జరుగుతాయి.

కోడంబాకం కెమెరా | 9:22

పంచెలో కార్డు పెట్టుకోవడం కార్డు తప్పు కాదు శీనూ. నూటయాభై పెడితే గట్టి డబ్బా వస్తుంది, ఖాళీ కార్డులు బొమ్మ పైకి, నిండినవి బోర్లా. మెడలో సంచి. అంతే. లైటు మాట మాత్రం నిజం, అది ఆరేదాకా తలుపు ముట్టుకోకు.

మాంబళం బాబాయి | 10:10

మీ మాటలు చదువుతుంటే నవ్వొస్తోంది. మద్రాసులో మేము 36 రీలు ఒకటి పెట్టుకుని పెళ్ళంతా తీసేవాళ్ళం, జాగ్రత్తగా ఎక్కిస్తే 38 కూడా లాగేవాళ్ళం. కడిగించేదాకా ఏం పడిందో తెలీదు. ఇప్పుడు రెండు వేలు పడుతుందంటే చాలదా అని అడుగుతున్నారు.

ఒక సందేహం. విమానాశ్రయంలో ఎక్స్‌రే మిషను కార్డుని పాడుచేస్తుందా? నేను ఎప్పుడూ చేతికిచ్చి పక్కనుంచి పంపిస్తాను.

పిక్సెల్ పంతులు | 10:18

చెయ్యదు బాబాయ్, అది రీలుకి ఉన్న గండం. కార్డు బ్యాగులోనే వెళ్ళనివ్వండి.

ఓఎంఆర్ రమ్య | మధ్యాహ్నం 1:45

అందరూ ఏది కొనాలో చెప్తున్నారు, ఎక్కడ కొనాలో ఎవరూ చెప్పలేదు. నేను చెప్తా, ఎందుకంటే దెబ్బ తిన్నదాన్ని. రెండేళ్ళ క్రితం ఒక చిన్న షాపులో 128 జీబీ కార్డు సగం ధరకి ఇస్తే ఎగిరి గంతేసి కొన్నా. అట్ట అచ్చం అసలుదే, హోలోగ్రామ్ కూడా ఉంది. కంప్యూటరులో పెడితే 119 జీబీ అని చూపించింది. వేదాంతంగళ్ పక్షుల కేంద్రానికి వెళ్ళి పొద్దుటి నుంచి తీసి ఇంటికొచ్చి చూస్తే మొదటి ఐదారు వందల ఫొటోలు బాగానే ఉన్నాయి, ఆ తర్వాతవి చిన్న బొమ్మ కనిపిస్తుంది, తెరిస్తే సగం బూడిద రంగు. లోపల ఉన్నది 16 జీబీ చిప్పు. కంట్రోలరుకి "నువ్వు 128 అని చెప్పు" అని నేర్పించారు, అది కెమెరాకీ అదే అబద్ధం చెప్పింది. 16 నిండాక వచ్చినవన్నీ గాల్లోకి.

షాపుకి తిరిగి వెళ్తే బిల్లేది అన్నాడు. బిల్లు తీసుకోలేదు నేను. తప్పు నాదీ ఉంది.

అప్పటి నుంచి ఎవరు అమ్మినా సరే, అసలు డీలరయినా ఆన్‌లైన్ అయినా, పెట్టె తెరిచిన రోజే పరీక్ష పెడతా. విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, మ్యాక్‌లో లైనక్స్‌లో ఎఫ్3, రెండూ ఉచితం. కార్డు అంచుదాకా రాసి మళ్ళీ మొత్తం చదివి సరిచూస్తాయి. 128కి దాదాపు గంట పడుతుంది, ఆ గంటలో వంట చేసుకోవచ్చు. కార్డు నిజంగా ఎంత వేగంతో రాస్తుందో కూడా అదే చెప్తుంది, పంతులు గారు చెప్పిన 40, 80 తేడా అక్కడ బయటపడుతుంది. వాపసు గడువు లోపల ఈ పని చెయ్యండి.

వేళచ్చేరి వాసు | 3:30

రమ్య గారూ, 128 కార్డు 119 అని చూపించింది అన్నారు కదా, అక్కడే అనుమానం రాలేదా? 9 జీబీ తక్కువ కదా?

పిక్సెల్ పంతులు | 3:41

అది మోసం కాదు, లెక్కల తేడా. కంపెనీవాడు జీబీ అంటే వంద కోట్ల బైట్లు అంటాడు, విండోస్ 1024ని మూడుసార్లు గుణించి లెక్కేస్తుంది. అసలు 128 అయినా 119 అనే చూపిస్తుంది, 64 అయితే 59.6. దొంగ కార్డు ఆ సంఖ్య కూడా సరిగ్గా నటిస్తుంది, అదీ బాధ.

గిండీ గిరి | 3:50

దొంగలు కూడా లెక్కల్లో గట్టివాళ్ళే.

తరమణి టెక్నీషియన్ | సాయంత్రం 6:20

డేటా రికవరీ పని చేస్తుంటాను. కార్డు చచ్చిపోయి నా దగ్గరికి వచ్చేవాళ్ళ కన్నా, బాగున్న కార్డుని తామే చేతులారా చెరిపేసుకుని వచ్చేవాళ్ళు ఎక్కువ. వాసు గారిది సోనీ కాబట్టి ఇది గుర్తుపెట్టుకోవాలి. ఫొటోలు డీసీఐఎం ఫోల్డరులో పడతాయి. 4కె వీడియోలు అందులో ఉండవు. ప్రైవేట్ అనే ఫోల్డరు, దాని లోపల ఎం4రూట్, దాని లోపల క్లిప్, అక్కడ ఉంటాయి. "అన్నీ కాపీ చేసేశా సార్" అని డీసీఐఎం ఒక్కటి లాగి కార్డు ఫార్మాట్ కొట్టినవాళ్ళు ఇప్పటికి ఎంతమందో. ఇంకా చెప్పాలంటే వాళ్ళలో మొదటివాడిని నేనే, ఈ పనిలోకి రాకముందు, మా పాప అన్నప్రాశన వీడియో. ఫొటోరెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టి రెండు రాత్రులు కూర్చుంటే చిన్న క్లిప్పులు వచ్చాయి, పెద్దది ముక్కలై వచ్చింది, పాయసం ముట్టించే చోట ఆగిపోతుంది.

అందుకని ఫోల్డర్లు ఎంచుకోవద్దు, కార్డులో ఉన్నది ఉన్నట్టు మొత్తం లాగండి. లాగాక రెండు వీడియోలు తెరిచి చూడండి. ఇంకో చోటికి రెండో కాపీ వెయ్యండి. అప్పుడు ఫార్మాట్, అదీ కంప్యూటరులో కాదు, కెమెరాలో. కంప్యూటరులో ఒక్కొక్కటీ డిలీట్ చేసి పెడితే సోనీకి దాని ఇమేజ్ డేటాబేస్ తప్పుతుంది, ఏదో మెసేజి పెట్టి విసిగిస్తుంది.

పొరపాటున చెరిపేస్తే ఇంక ఆ కార్డు మీద ఒక్క ఫొటో కూడా కొట్టకండి. చెరిగింది అంటే చాలాసార్లు విషయసూచిక మాత్రమే చిరిగింది, పేజీలు లోపలే ఉంటాయి. కొత్తవి రాసే కొద్దీ ఆ పేజీలు పోతాయి. తీసి పక్కన పెట్టి అప్పుడు ఏడవండి.

కేబులుతో కాపీ చేసేవాళ్ళకి ఇంకో మాట. ఏ6400కి ఉన్నది పాత మైక్రో యూఎస్‌బీ, 2.0 రకం, 60 జీబీ దిగడానికి అరగంట మింగేస్తుంది. యూఎస్‌బీ 3 రీడరు ఒకటి కొనండి, కార్డు ధరలో మూడో వంతు కూడా ఉండదు.

వేళచ్చేరి వాసు | ఆదివారం, రాత్రి 9:00

అయ్యబాబోయ్, ఎం4రూట్ గురించి ఎవరూ చెప్పకపోతే నేనూ అదే చేసేవాణ్ణి. అందరికీ థ్యాంక్స్. పొద్దున వెళ్ళి బిల్లుతో 64 జీబీ వి30 రెండు తెచ్చా, యూహెచ్‌ఎస్-1వే, ఒక రీడరు, ఒక డబ్బా. షాపాయన 300 రాసి ఉన్నది అంటగట్టాలని చూశాడు, "నా కెమెరాకి రెండో వరస పిన్నులు లేవండీ" అన్నా, ఒక్క క్షణం నన్ను ఎగాదిగా చూసి మాట మార్చేశాడు. టెస్టు పెట్టా. రెండూ అసలువే. ఒకటి 71తో రాసింది, ఇంకోటి 68.

కోడంబాకం కెమెరా | 9:12

శభాష్. రెండిటి మీదా చిన్న స్టిక్కరు వేసి 1, 2 అని రాసుకో. పిన్నుల మీద కాదు, బొమ్మ వైపు. పక్కన ఉన్న లాక్ నొక్కు కిందకి జారి ఉంటే కెమెరా రాయనంటుంది, అప్పుడు కంగారుపడకు, పైకి తోసెయ్.

వేళచ్చేరి వాసు | నాలుగు వారాల తర్వాత, ఆదివారం రాత్రి 8:30

ఫంక్షను బ్రహ్మాండంగా జరిగింది. తాళి అయ్యాక కోడంబాకం అన్న చెప్పినట్టు కార్డు మార్చా. మార్చేటప్పుడు మా మేనత్త "ఏంట్రా మధ్యలో బ్యాటరీ అయిపోయిందా" అని ఒకటే కంగారు. మొత్తం 1,140 ఫొటోలు, 50 నిమిషాల వీడియో. రాత్రికే రెండు కాపీలు, ఒకటి లాప్‌టాపులో, ఒకటి మా చెల్లి హార్డ్‌డిస్కులో. క్లిప్ ఫోల్డరు తెరిచి చూశా కూడా.

ఇక ఇవాళ్టి పులికాట్ సంగతి. తెల్లారే లోకల్ ఎక్కి, సుధ గారు చెప్పిన రోడ్డులో ఆటో ఆపించి, ఎదురుగా వందల రాజహంసలు, ఒక్కసారిగా లేచాయి. నేను నొక్కుతూనే ఉన్నా, టకటకటక. స్క్రీను మీద ఎండ పడి ఏం కనిపించలేదు. తర్వాత నీడలోకి వచ్చి చూస్తే పైన మూల "నో కార్డ్" అని మెరుస్తోంది. కార్డు 1 లాప్‌టాపు రీడరులోనే ఉండిపోయింది, ఇంట్లో.

పిక్సెల్ పంతులు | 8:36

మెనూలో "రిలీజ్ వితౌట్ కార్డ్" అని ఒకటి ఉంటుంది వాసు గారూ, దాన్ని డిసేబుల్ చెయ్యండి. కార్డు లేకపోతే షట్టర్ అసలు పడదు. ఇది మేము మొదటి రోజే చెప్పాల్సింది.

సూళ్లూరుపేట సుధ | 8:41

అయ్యో. మరి రెండో కార్డు?

వేళచ్చేరి వాసు | 8:44

డబ్బాలో ఉంది, మెడలోనే. పెట్టుకుని చూసేసరికి అవి అవతలి తిప్ప మీద దిగాయి, చుక్కల్లా కనిపిస్తున్నాయి. ఆటో ఆయన "మళ్ళీ లేస్తాయి సార్, కూర్చోండి" అన్నాడు. గంటన్నర కూర్చున్నాం. లేచాయి. 212 ఫొటోలు, బఫర్ రెండుసార్లు నిండింది.

మాంబళం బాబాయి | 8:50

రీలు ఎక్కించకుండా పెళ్ళంతా తీసినవాణ్ణి నాకు తెలుసు. పేరు మాత్రం చెప్పను, ఈ మాటలన్నీ మా ఆవిడ కూడా చదువుతుంది.